ప్రశ్న ఉత్పన్నం కాదు

మమ్మల్ని అడిగినన్ని ప్రశ్నలు ఈ దేశంలో ఇంకెవర్నీ అడిగి ఉండరు. ఇల్లు అద్దెకు కావాలంటే ముందు పేరడుగుతారు. పేరు చెప్పాక 'తెలుగు బాగా మాట్లాడతారే' అంటారు. మా అమ్మ నోట విన్న భాషకి మమ్మల్నే మెచ్చుకుంటారు. క్రికెట్ ఆట ఉన్న రోజు ఎవరి పక్షం అంటారు. ఎక్కడ బాంబు పేలినా ఖండించావా లేదా అంటారు. పెళ్ళాలు ఎందరు, పిల్లలు ఎందరు, మీ తాత ఆ దేశం ఎందుకు పోలేదు? పల్నాడులో మిరపకోతకి వంగిన సాయిబుకీ, పిడుగురాళ్ళ సున్నం బట్టీ దగ్గర రాయి మోసే సాయిబుకీ ఈ ప్రశ్నలు తప్పవు. మాచవరం నుంచి కరాచీకి ఏ బస్సెక్కాలో మాకు తెలియదు. పిడుగురాళ్ళకి ఏ బస్సెక్కాలో తెలుసు. అయినా తలవంచుకుని జవాబు చెప్తూనే వచ్చాం. 1992 డిసెంబర్ 6న మసీదు కూలగొట్టింది వేరేవాళ్ళు. ఆ తర్వాత సంజాయిషీ చెప్పుకుంది మేం.

చెప్పీ చెప్పీ నోరెండింది. ఇప్పుడు అడిగే వంతు మాది. ఎక్కడ అడగాలి? సర్కారుని నిలబెట్టి అడగటానికి ఈ దేశంలో ఒక చోటుంది. శాసనసభలో ప్రశ్నోత్తరాల గంట. ఆ గంటలో మంత్రి ఎంత పెద్దవాడైనా లేచి జవాబు చెప్పాల్సిందే. నక్షత్రం గుర్తు పెట్టిన ప్రశ్నకి నోటితో చెప్పాలి. గుర్తు లేని ప్రశ్నకి కాగితం మీద రాసివ్వాలి. నోటి జవాబు చాలకపోతే సభ్యుడు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేయొచ్చు. 'చేస్తాం' అని మంత్రి ఒక్క మాట అంటే ఆ మాట హామీల కమిటీ ముందుకు పోతుంది. ఇందుకు ధర్నా చేయక్కర్లేదు. తల పగలక్కర్లేదు. ఒక సభ్యుడు ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు.

ఆ కాగితం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. (అ) ఫలానా విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? (ఆ) వచ్చివుంటే తీసుకున్న చర్యలేమిటి? (ఇ) తీసుకోకపోతే కారణాలేమిటి? మంత్రిగారి జవాబు కింద ఉంటుంది. (అ) లేదండి. (ఆ), (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఈ 'ఉత్పన్నం కాదు' అనే మాట సర్కారు భాషలో చాలా మర్యాదైన మాట. మొదటి మెట్టు మీద లేదండి అనేస్తే చాలు, మిగతా మెట్లన్నీ వాటంతటవే కూలిపోతాయి. మా బతుకు సంగతి అంతకంటే అన్యాయం. మా (అ) దగ్గరే కాగితం ఆగిపోయింది. అడిగి కాదనిపించుకున్నవాళ్ళకి కనీసం ఒక జవాబుంది. పల్నాడు సాయిబుకి ప్రశ్నే దక్కలేదు.

అడగకపోతే ఏం పోయింది అంటారా? ఏం పోయిందో రిజర్వేషన్ కథ చెప్తుంది.

2004 జూలైలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ముస్లింలకి 5 శాతం ఇస్తూ జీవో తెచ్చింది. సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. బీసీ కమిషన్‌ని అడగకుండా ఎలా ఇచ్చారంది. 2005లో కమిషన్‌ని అడిగి చట్టం చేశారు. నవంబర్‌లో అదీ పోయింది. వెనకబాటుని కొలిచిన పద్ధతి సరిగా లేదన్నారు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదికతో, కమిషన్ సర్వేతో మూడో చట్టం వచ్చింది. ఈసారి అందరు ముస్లింలకీ అనలేదు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు, హజాములు, ఖురేషీలు, షేక్‌లు ఇట్లా 14 తెగలని బీసీ-ఇ అన్నారు. అప్పటికే 46 శాతం నిండింది గనక యాభై దాటకుండా 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరి 8న ఏడుగురు జడ్జిల బెంచి దాన్నీ కొట్టేసింది. సర్వే శాస్త్రీయంగా లేదంది. అదే ఏడు మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి మా పిల్లలు ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లలో కూర్చున్నారు. మధ్యంతరం అనే ఆ సన్నటి తాడు మీద ఇన్నేళ్ళ నుంచి నడుస్తున్నాం.

మూడుసార్లూ కోర్టు వేరే వేరే మాటలతో అడిగింది ఒక్కటే. మీ లెక్క ఏదీ? లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆకాశం నుంచి ఊడిపడదు. 1956 నుంచీ ఏ జిల్లాకి ఆ జిల్లా సభ్యుడు ఏడాదికొక ప్రశ్న వేసి ఉంటే వచ్చేది. ఈ జిల్లాలో టీచర్లెందరు, అందులో ముస్లింలెందరు? కానిస్టేబుళ్ళెందరు, అందులో ముస్లింలెందరు? మంత్రి రాసిచ్చిన జవాబు సభ రికార్డు. యాభై ఏళ్ళ రికార్డు బల్ల మీద ఉంటే ఏ కోర్టూ సర్వే మూడు నెలల్లో చేశారా ఆరు నెలల్లో చేశారా అని వేళ్ళు పెట్టేది కాదు. అడగని ప్రశ్నకి మేం కట్టిన జరిమానా అది. సచార్ కమిటీ నివేదిక 2006 నవంబర్ 30న పార్లమెంటు ముందుకు వచ్చింది. అప్పటికి స్వతంత్రం వచ్చి 59 ఏళ్ళు. జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం ఉన్నారని అప్పుడు దేశమంతా ఒక్కసారి ఆశ్చర్యపోయింది. మా ఇళ్ళల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

సభలో మా పేరు అసలు పలకరా అంటే, పలుకుతారు. రెండు సందర్భాల్లో పలుకుతారు. మాకు ఏదైనా పెట్టినప్పుడు. మాలో ఎవరైనా చచ్చినప్పుడు.

పెట్టింది ముందు చెప్పుకుందాం. టీడీపీ వాళ్ళు చంద్రన్న రంజాన్ తోఫా ఇచ్చారు. దుల్హన్ కింద 50 వేలు అన్నారు. వైసీపీ వాళ్ళు 2022 అక్టోబర్ నుంచి షాదీ తోఫా కింద లక్ష అన్నారు. ఇమాముకి 5 వేలు, మౌజన్‌కి 3 వేలు ఒకరిస్తే, ఇంకొకరు పదివేలు, 5 వేలు చేశారు. 2024లో మళ్ళీ వచ్చినవాళ్ళు అవే పదివేలు, 5 వేలు అని మేనిఫెస్టోలో రాసుకున్నారు. ఇచ్చినవి కాదనం. పేదింటి పెళ్ళికి లక్ష తక్కువ కాదు. అయితే తోఫా అంటే కానుక. కానుక ఇచ్చేవాణ్ణి ఎవరూ ప్రశ్న వేయరు, షుక్రియా చెప్తారు. మమ్మల్ని షుక్రియా చెప్పే జాతిగా నిలబెట్టారు. షాదీ తోఫాకి పిల్ల పదో తరగతి పాసవ్వాలని షరతు పెట్టారు. మంచి షరతే. కానీ ఆ పిల్ల పది పాసవ్వటానికి బడి, బడికి బస్సు, బడిలో టీచరు ఉన్నారా అని అడిగినవాడెవడు? పెళ్ళి రోజు లక్ష చూపించి పదేళ్ళ చదువు ప్రశ్నని మింగేశారు.

చావు సంగతి ఇంకా ఘోరం. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో సత్తెనపల్లిలో మందులకని బయల్దేరిన ముస్లిం కుర్రాడు చెక్‌పోస్టు దగ్గర పడిపోయి చచ్చిపోయాడు. పోలీసులు కొట్టారని ఇంటివాళ్ళన్నారు. ఎస్సైని సస్పెండ్ చేశారు. అదే ఏడు నవంబర్‌లో నంద్యాల ఆటో డ్రైవర్ ఒకాయన పోలీసుల వేధింపులు అని వీడియోలో చెప్పి కుటుంబంతో సహా ప్రాణాలు తీసుకున్నాడు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న టీడీపీ రోడ్డెక్కింది. 2024 జూలై 17న వినుకొండలో ముస్లిం యువకుణ్ణి నడిరోడ్డు మీద చంపారు. అప్పటికి వైసీపీ ప్రతిపక్షం. జగన్ వినుకొండ వచ్చారు. 22న సభలో నల్ల కండువాలు వేసుకున్నారు. 24న ఢిల్లీలో ధర్నా చేశారు. ఒక పార్టీ రాజకీయ హత్య అంది. ఇంకో పార్టీ పాత కక్షలంది. చంపాడని పోలీసులు పట్టుకున్నవాడూ సాయిబే. కత్తి పట్టిందీ మా పిల్లవాడే, కత్తికి పడిందీ మా పిల్లవాడే. జెండాలు రెండూ ఎవరివి? పల్నాడు ఫ్యాక్షన్‌లో మా వాటా అదేనా? పవర్‌లో ఉన్నవాడికి మా శవం కనపడదు. పవర్ పోయినవాడికి మా శవం తప్ప ఏమీ కనపడదు. ఆ పిల్లలిద్దరికీ ఇరవై ఏళ్ళప్పుడు చేతిలో ఏ ఉద్యోగం ఉంది అనే ప్రశ్న మాత్రం ఏ కండువా మీదా రాసి లేదు.

సభలో అడగకపోతే బయట అడగొచ్చు గదా అంటారు. అడిగారు. 2018 ఆగస్టు 28న గుంటూరులో 'నారా హమారా, టీడీపీ హమారా' అని పెద్ద సభ పెట్టారు. అప్పటికి నాలుగేళ్ళు దాటినా రాష్ట్ర మంత్రివర్గంలో ఒక్క ముస్లిం లేడు. మైనారిటీ సంక్షేమ శాఖని కొన్నాళ్ళు పల్లె రఘునాథరెడ్డి గారు చూశారు. ముఖ్యమంత్రి చంద్రబాబు సభలో ఉండగా నంద్యాల నుంచి వచ్చిన కొందరు కుర్రాళ్ళు అట్టముక్కలు ఎత్తి పట్టుకున్నారు. ఇచ్చిన మాటలు ఏమయ్యాయని వాటి మీద రాసి ఉంది. పోలీసులు పట్టుకుపోయారు. కేసులు పెట్టి జైలుకి పంపారు. రెండున్నర నెలలకి, 2018 నవంబర్‌లో, ఎన్.ఎం.డి. ఫరూక్ గారు మంత్రయ్యారు. అంటే ప్రశ్న సరైనదే. అడిగిన నోరే తప్పయింది. అదే ప్రశ్న సభ్యుడు సభలో వేస్తే 'గౌరవ సభ్యులు అడిగారు అధ్యక్షా' అంటారు. సాయిబు సభ బయట వేస్తే శాంతిభద్రతలు అంటారు.

సరే, సభలో మావాళ్ళెందరు? 2014లో నలుగురు, 2019లో నలుగురు, 2024లో ముగ్గురు. 175 మందిలో ముగ్గురు. అందులో ఒకరు ఫరూక్ గారు. 2024 నుంచి ఆయన మైనారిటీ సంక్షేమ మంత్రి. అంటే ఆయన జవాబు చెప్పే వైపు కూర్చున్నారు, ప్రశ్న వేయటానికి లేదు. మిగిలింది గుంటూరు తూర్పు, మదనపల్లె. ఇద్దరూ అధికార పక్షమే. పల్నాడు జిల్లా ఏడు స్థానాల్లో 2024లో గెలిచినవాళ్ళలో ముస్లిం ఎవరూ లేరు. ప్రతిపక్షం అనదగ్గ 11 మంది మాకు ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామని సభని దాదాపు బహిష్కరించి కూర్చున్నారు. హోదా లేకపోతే ప్రశ్న వేయకూడదని ఏ నిబంధనలో ఉంది? హోదా లేకుండా ఈ దేశంలో మేం బతకటం లేదా?

ఉమ్మడి రాష్ట్రంలో మజ్లిస్ ఉండేది. వాళ్ళ రాజకీయంతో మాకు వెయ్యి పేచీలున్నాయి. పాతబస్తీ నవాబు గొంతు పల్నాడు కూలి సాయిబు గొంతు కాదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మైనారిటీ బడ్జెట్‌లో ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది అని పద్దు పట్టుకుని మంత్రిని నిలదీసే అలవాటు వాళ్ళకుంది. 2014 జూన్ 2న ఆ గొంతు కూడా తెలంగాణతో పోయింది. తెలంగాణ 2025 ఫిబ్రవరిలో తన సర్వే అంకెలు సభ ముందు పెట్టింది. జనాభాలో ముస్లింలు 12.56 శాతం, అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం అని లెక్క తేల్చింది. రేపు కోర్టులో ఆ లెక్కకి ఒక బలం ఉంటుంది. మా దగ్గర 2024 జనవరిలో సచివాలయం మనుషులు ఇంటింటికీ వచ్చి కులం రాసుకుపోయారు. మాచవరం మండలంలో దూదేకులు ఎందరని రాసుకున్నారు, షేక్‌లు ఎందరని రాసుకున్నారు? సభలో ఈ ప్రశ్న వేయటానికి సాయిబే కానక్కర్లేదు. సాయిబు ఓటు తీసుకున్నవాడైతే చాలు.

ఇక్కడ అసలు మాటకి వస్తున్నాం. ఎమ్మెల్యే గారిని అడిగితే పార్టీ విప్ ఉందండి, హైకమాండ్ ఉందండి, నా చేతులు కట్టేశారండి అంటారు. అబద్ధం. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ఓటుకి సంబంధించింది. పార్టీ చెప్పినట్టు ఓటేయకపోతే సభ్యత్వం పోతుంది. ప్రశ్న వేస్తే పోదు. ప్రశ్న మీద విప్ లేదు. శాసనసభ్యుడి చేతిలో పార్టీ గుంజుకోలేని ఆయుధం ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. అధికార పక్షంలో ఉన్నవాడికీ ఆ హక్కుంది. 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లుకి 288 మంది ఓటేశారు, 232 మంది వద్దన్నారు. టీడీపీ ఓటు బిల్లు వైపు పడింది. మాచవరం ఉన్న నరసరావుపేట ఎంపీ ఆ పార్టీవారే. మూడు సవరణలు అడిగాం, ఒప్పుకున్నారు అని ఆ పార్టీ చెప్పుకుంది. ఓటు రోజు విప్ ఉందంటే విన్నాం. ఆ ముందు రోజుల్లో, ఆ తర్వాత రోజుల్లో నోటికి విప్ ఎవరేశారు?

ఒక్క ప్రశ్న ఎంత పనిచేస్తుందో చూడండి. 2022 డిసెంబర్ 8న కేరళ సభ్యుడు టి.ఎన్. ప్రతాపన్ లోక్‌సభలో ప్రశ్న వేశాడు. మైనారిటీ మంత్రి స్మృతి ఇరానీ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులో మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఎత్తేశామని బయటపడింది. అదే ఏడు ఒకటి నుంచి ఎనిమిది దాకా పిల్లల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా ఎత్తేశారు. ఆ ప్రశ్న ఫెలోషిప్‌ని కాపాడలేదు. కానీ గప్‌చుప్‌గా గొంతు పిసకటం కుదరలేదు. చేసినవాళ్ళు తమ సంతకంతో ఒప్పుకోవాల్సి వచ్చింది.

అడగాలనుకుంటే మీరు ఎంత లోతుకి అడగగలరో కూడా మాచవరం చూసింది. 2024 నవంబర్ 5న ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ మాచవరం మండలానికి వచ్చారు. సరస్వతి పవర్ భూములు చూశారు. అందులో అడవి ఎంత, వాగులు ఎన్ని, అసైన్డ్ భూమి ఎంత అని అధికారుల్ని లెక్క తీయమన్నారు. మంచిదే. ప్రత్యర్థి కుటుంబం కంపెనీ అయితే సర్వే నంబరు దాకా దిగుతారు. అదే మండలంలో మసీదు మాన్యం ఎంత, ఖబరస్తాన్ ఎంత, పీర్ల చావిడి స్థలం ఎంత, ఎవరి కంచె ఎంత లోపలికి జరిగింది? ఆ సర్వే గొలుసు మా చచ్చినవాళ్ళ స్థలం దాకా ఎందుకు రాదు?

ఇంకో మోసం ఉంది. మా సంగతి ఏది అడిగినా మైనారిటీ సంక్షేమ శాఖ వైపు తోస్తారు. ముస్లింకి జబ్బు చేస్తే మైనారిటీ జబ్బా? బట్టీ దగ్గర దుమ్ము మైనారిటీ దుమ్మా? మేం ఒక శాఖలో పట్టం. అందుకే గురజాల సీట్లో కూర్చున్న సభ్యుడికి, ఏ పార్టీ వారైనా సరే, ఈ ప్రశ్నలు ఇస్తున్నాం. శాఖల వారీగా రాసిస్తున్నాం.

హోం మంత్రికి. పల్నాడు జిల్లా పోలీసుల్లో ముస్లింలు ఎందరు? రౌడీషీట్లలో ముస్లింలు ఎందరు? రెండంకెలూ పక్కపక్కన చదవండి.

విద్యాశాఖ మంత్రికి. 2022లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ ఈ సభే చట్టం చేసింది. మాచవరం, పిడుగురాళ్ళ, దాచేపల్లి, గురజాల మండలాల్లో ఉర్దూ టీచరు పోస్టులెన్ని, ఖాళీలెన్ని? పది పాసైన ముస్లిం ఆడపిల్లల్లో ఇంటర్‌లో చేరినవాళ్ళెందరు?

కార్మిక మంత్రికి, గనుల మంత్రికి. సున్నం బట్టీల్లో, క్వారీల్లో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులు ఎప్పుడు పరీక్ష చేశారు? ఈఎస్ఐ కార్డు ఎందరికుంది?

బీసీ సంక్షేమ మంత్రికి. 2007 నుంచి ఈ జిల్లాలో బీసీ-ఇ కింద నింపిన ఉద్యోగాలెన్ని? 14 తెగల్లో ఏ తెగకి ఎన్ని? ఫకీరుకి, హజాముకి, గారడీ సాయిబుకి ఒక్కటైనా వచ్చిందా? దూదేకులది బీసీ-బి, మెహతర్లది బీసీ-ఎ. వాళ్ళకెన్ని?

మైనారిటీ మంత్రికి చివర్లో ఒక్కటే. కేటాయించిందెంత, ఖర్చు పెట్టిందెంత? రాష్ట్రం అంకె వద్దు. మండలం అంకె చెప్పండి.

సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది గదా, మీరే అడుక్కోండి అంటారేమో. అడుగుతాం. పది రూపాయలు కట్టి కాగితం తెచ్చుకుంటాం. కానీ ఆఫీసు గుమాస్తా మీద అనుబంధ ప్రశ్న వేసే హక్కు మాకు లేదు. మంత్రిని లేపి నిలబెట్టే హక్కు మాకు లేదు. అది మా ఓటుతో మీకిచ్చాం.

మా పెద్దలకీ ఒక మాట చెప్పాలి. ఎమ్మెల్యే మసీదు కాడికొస్తే శాలువా కప్పి, ఇఫ్తార్‌లో పక్కన కూర్చోబెట్టుకుని ఫొటో దిగే కమిటీ పెద్దల్లారా, ఆ రోజైనా ఆయన చేతిలో ఖర్జూరంతో పాటు ఒక ప్రశ్న కాగితం పెట్టండి. ఆ కాగితం రాసేప్పుడు సయ్యదులు, పఠాన్లే కూర్చుని రాయకండి. దూదేకుల్ని నమాజుకి పిలిచి పెత్తనానికి పిలవని అలవాటు మానండి. ఆడవాళ్ళని అసలు పిలవని అలవాటు ముందు మానండి. బడి ఎంత దూరమో, నీళ్ళు ఎంత దూరమో, ఆసుపత్రి ఎంత దూరమో వాళ్ళ కాళ్ళకి తెలిసినంతగా మన గడ్డాలకి తెలియదు. మనలో మనం అడగనివ్వని ప్రశ్నని సర్కారుని అడిగే ముఖం మనకుండదు.

2011 లెక్కల్లో ఉమ్మడి గుంటూరు జిల్లాలో నూటికి పదకొండు మంది దాకా ముస్లింలు. ఈ పదకొండు మంది ఓటు లెక్క ప్రతి పార్టీ ఆఫీసులో బూత్ వారీగా ఉంది. బతుకు లెక్క ఏ ఆఫీసులోనూ లేదు. మాకు కావాల్సింది ఆ లెక్క. మళ్ళీ కోర్టు మీ అంకెలేవి అని అడిగే రోజు రాకముందే కావాలి.

సభ్యుడు గారూ, మా ప్రశ్నలు ఉత్పన్నమయ్యాయి. మాచవరంలో, సున్నం బట్టీల దగ్గర, మిరప కల్లాల్లో ఎప్పుడో ఉత్పన్నమయ్యాయి. వాటి కింద మీ సంతకం ఒక్కటే బాకీ ఉంది.